ఇన్సూరెన్స్ కోసేసిన హాస్పిటల్ బిల్లు: సిబిల్ చెడకుండా ఎలా కట్టాలి, కోసింది ఎలా రాబట్టాలి

"ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా చేరాం. డిశ్చార్జి రోజు ఎనభై వేలు మీరే కట్టాలన్నారు. కార్డు గీకేశాం. ఇప్పుడు హోమ్ లోన్‌కి వెళ్తే స్కోరు తక్కువుందంటున్నారు, ఏం చేయాలి?" అంకెలు మారతాయి గానీ అడిగేవాళ్ళంతా ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇప్పుడు హాస్పిటల్లో ఉండి చదువుతున్నవాళ్ళు నేరుగా 4వ స్టెప్‌కి వెళ్ళిపోండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

ముందు ఒక భయం తీసేద్దాం. మన దేశంలో హాస్పిటల్‌కి బాకీ పడితే అది సిబిల్ రిపోర్టులో ఎక్కదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు (బ్యూరోలు) మన అప్పుల చరిత్ర రాసి స్కోరు ఇస్తాయి. వాటికి మన వివరాలు వెళ్ళేది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, కార్డు కంపెనీల నుంచి. కాబట్టి స్కోరుని కొట్టేది బిల్లు కట్టడానికి ఆ రాత్రి కంగారులో తెచ్చిన అప్పు, దాని వల్ల తప్పిపోయిన పాత ఈఎంఐ. ఈ రెండింటి మీద కన్నేసి ఉంచితే చాలావరకు బయటపడతారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాలసీ పూర్తి కాపీ. ఏజెంట్ వాట్సాప్‌లో పంపిన ఒక పేజీ సర్టిఫికెట్ సరిపోదు. రూమ్ రెంట్ పరిమితి, కో-పే (బిల్లులో మీరు కట్టాల్సిన వాటా), వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకి కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) ఎంతెంతో లోపలి పేజీల్లో ఉంటాయి.
- కంపెనీ గ్రూప్ పాలసీ ఉంటే దాని ఈ-కార్డు, హెచ్ఆర్ వాళ్ళ నంబరు.
- పేషెంట్ ఆధార్, పాన్, పాత ప్రిస్క్రిప్షన్లు.
- రేషన్ కార్డు లేదా ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ కార్డు.
- ఇంట్లో ఎవరి పేరున ఏ లోన్ ఉంది, ఏ తేదీన ఏ ఖాతా నుంచి ఎంత కట్ అవుతుంది అని రాసిన ఒక కాగితం. దీన్ని ఎవరూ రాసుకోరు, తర్వాత అందరూ దీని గురించే బాధపడతారు.
- ఒక ఫైలు. ప్రతి బిల్లూ వచ్చిన వెంటనే ఫోన్‌లో స్కాన్ చేసి, ఒరిజినల్ అందులో పెట్టండి.

1. చేరకముందే సర్కారు పథకం వర్తిస్తుందేమో అడగండి

ఎమర్జెన్సీ కాకపోతే ఇదే మొదటి పని. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. ఆంధ్రలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. పేషెంట్‌కి 70 ఏళ్ళు నిండితే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఏడాదికి 5 లక్షల దాకా వర్తిస్తుంది, ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు కూడా తీసుకోవచ్చు. "మాకు ఇన్సూరెన్స్ ఉంది కదా, మనకెందుకు అవన్నీ" అనుకుని నాన్నగారికి ఈ కార్డు తీయించని ఇళ్ళు చాలా ఉన్నాయి.

జాగ్రత్త: హాస్పిటల్ ప్యానెల్‌లో ఉంటే సరిపోదు, మీ ఆపరేషన్ కూడా ఆ హాస్పిటల్‌కి అనుమతి ఉన్న జాబితాలో ఉండాలి. రిసెప్షన్‌లో అడిగితే చాలాసార్లు "మా దగ్గర లేదండీ" అనేస్తారు. ఆరోగ్యమిత్ర (పథకం తరఫున హాస్పిటల్లో సాయం చేసేవాళ్ళు) డెస్క్ ఎక్కడుందో కనుక్కుని అక్కడే అడగండి, లేదా 104కి ఫోన్ చేయండి. ఆయుష్మాన్ అయితే 14555.

2. రూమ్ ఎంచుకునే ముందు పాలసీ తెరవండి

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, అందుకే కాస్త సాగదీసి చెప్తాను.

మీది 5 లక్షల పాలసీ, రూమ్ రెంట్ పరిమితి 1 శాతం అనుకుందాం. అంటే రోజుకి 5,000. మీరు 8,000 రూమ్ తీసుకున్నారు. నాలుగు రోజులకు తేడా 12,000, అంతే కదా, మనమే కట్టుకుందాం అనుకుంటారు. కానీ 5,000ని 8,000తో భాగిస్తే 62.5 శాతం వస్తుంది, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, డాక్టర్ విజిట్లు అన్నింటిలోనూ అంత శాతమే ఇచ్చి మిగతాది కోస్తారు. దీన్నే ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు.

లెక్క ఇలా ఉంటుంది. రూమ్ 32,000, సర్జన్, థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000, మందులు 60,000, ఇంప్లాంట్ 40,000, టెస్టులు 20,000, గ్లవ్స్, డైపర్ లాంటి చిల్లర సామాను 8,000. మొత్తం 3,20,000. రూమ్‌లో 20,000 ఇస్తారు. 1,60,000లో ఒక లక్షే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్, టెస్టులు పూర్తిగా 1,20,000. చిల్లర సామానుకి సున్నా. చేతికొచ్చేది 2,40,000, మీ జేబులోంచి 80,000. రూమ్ మీద 12,000 అనుకున్నది ఎంతకి తేలిందో చూడండి.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. మందులు, వాడిన సామాను, ఇంప్లాంట్లు, టెస్టులు, వీటి మీద ఈ నిష్పత్తి కోత వేయకూడదని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే నిబంధన పెట్టింది. ఐసీయూ ఛార్జీల మీద కూడా వేయకూడదు. రూమ్‌ని బట్టి ఛార్జీలు మార్చని హాస్పిటల్ అయితే అసలు ఈ కోతే ఉండకూడదు. పై లెక్కలో ఎవరైనా మందులు, ఇంప్లాంట్, టెస్టులకూ కోత వేస్తే ఇంకో 45,000 పోతుంది. అది మీరు వెనక్కి అడగాల్సిన డబ్బు.

కాబట్టి అడ్మిషన్ కౌంటర్‌లో "రూమ్ ఎంత?" అని ఆగిపోకుండా "ఈ ఆపరేషన్‌కి జనరల్ వార్డు, షేరింగ్, సింగిల్ రూమ్, మూడింటికీ ఎస్టిమేట్ రాసివ్వండి" అని అడగండి. మీ పరిమితిలో రూమ్ ఖాళీ లేదంటే ఆ మాట మెయిల్‌లోనో కాగితం మీదో తీసుకోండి, తర్వాత ఫిర్యాదులో పనికొస్తుంది.

3. క్యాష్‌లెస్ ఫారం తప్పుల్లేకుండా వెళ్ళాలి

క్యాష్‌లెస్ (ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కి కట్టడం) కోసం ముందుగా అనుమతి అడిగే ప్రీ-ఆథ్ ఫారంలో డాక్టర్ రాసే ఒక గడి ఉంటుంది: ఈ జబ్బు ఎన్నాళ్ళుగా ఉంది అని. క్యాజువాలిటీలో జూనియర్ డాక్టర్ అడిగితే ఇంట్లోవాళ్ళు కంగారులో "ఏమో సార్, ఐదారేళ్ళ నుంచీ బీపీ ఉంది" అనేస్తారు, నిజానికి రెండేళ్ళ క్రితమే మొదలై ఉండొచ్చు. ఆ అంకె పట్టుకునే క్లెయిమ్ ఆపేస్తారు. అబద్ధం చెప్పమనడం లేదు, పాత ప్రిస్క్రిప్షన్ చూసి సరైన తేదీ చెప్పండి, ఫారం పంపే ముందు ఒకసారి చదవండి.

2024 మే నెలలో వచ్చిన ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలోపు నిర్ణయం చెప్పాలి. మొదటి అప్రూవల్ 60 వేలకే వచ్చిందని గాభరా పడకండి, అది మొదటి విడత మాత్రమే, చివరి బిల్లుకి మళ్ళీ వేరే అప్రూవల్ వస్తుంది. ఇంతలో డిపాజిట్ కట్టమంటే రసీదు తీసుకుని, "అప్రూవల్ వచ్చాక ఇది వెనక్కి ఇస్తారా, బిల్లులో సర్దుతారా" అని అప్పుడే తేల్చుకోండి.

4. రోజు విడిచి రోజు బిల్లు చూడండి

ఇంటరిమ్ బిల్లు (అప్పటిదాకా అయిన బిల్లు) అడగండి, ఇస్తారు. అందులో చూడాల్సినవి పెద్దగా లేవు: డాక్టర్ రాని రోజుకి విజిట్ పడిందా, ఒకే టెస్టు రెండుసార్లు పడిందా, రూమ్ మారిన రోజు రెండు రూముల అద్దె పడిందా.

మందుల సంగతి కొంచెం వేరు. నర్సింగ్ స్టేషన్ నుంచి ఒకేసారి పది ఇంజెక్షన్లకి ఇండెంట్ (ఫార్మసీకి ఆర్డరు) వెళ్తుంది, ఆరు వాడాక డాక్టర్ మందు మారుస్తారు, మిగతా నాలుగూ ట్రేలో మిగిలిపోతాయి. వాటిని ఫార్మసీకి రిటర్న్ చేస్తే బిల్లులో మైనస్ గుర్తుతో ఒక వరుస రావాలి. ఆ వరుస లేదంటే ఆ నాలుగింటికీ మీరు కట్టినట్టే. డిశ్చార్జి ముందు రోజు సాయంత్రం సిస్టర్‌ని మర్యాదగా అడగండి: "సిస్టర్, మా రిటర్న్‌లు కొట్టేశారా?" పెద్ద బిల్లులో ఈ ఒక్క మాటకి వేలల్లో తేడా వస్తుంది.

5. డిశ్చార్జి రోజు కోత కాగితం చేతికి వచ్చాకే డబ్బు తీయండి

హాస్పిటల్ డిశ్చార్జి అభ్యర్థన పంపిన 3 గంటల్లోపు ఇన్సూరెన్స్ వాళ్ళు ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి. వాళ్ళు ఆలస్యం చేసినందువల్ల హాస్పిటల్ అదనంగా వేస్తే ఆ ఖర్చు వాళ్ళదే. ఆలస్యం అవుతుంటే టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) డెస్క్ దగ్గర "ఎన్ని గంటలకి పంపారు?" అని అడిగి టైమ్ రాసుకోండి. చాలాసార్లు ఆలస్యం ఇన్సూరెన్స్ దగ్గర కాదు, హాస్పిటల్ బిల్లింగ్‌లోనే జరుగుతుంది, అది కూడా తెలిసిపోతుంది.

ఫైనల్ అప్రూవల్ లెటర్‌లో ఏది ఎంత కోశారో వరుసగా ఉంటుంది. అది చూసి మూడు రకాలుగా విడదీయండి.

మొదటివి అడిగినా రానివి: గ్లవ్స్, మాస్క్, డైపర్, అటెండెంట్ భోజనం, ఫొటోకాపీ ఛార్జీలు. ఇవి నాన్-పేయబుల్ జాబితాలో ఉంటాయి, కన్స్యూమబుల్స్ రైడర్ (ఈ చిల్లర సామానుకి విడిగా తీసుకునే అదనపు కవర్) తీసుకున్నవాళ్ళకి తప్ప రావు. పోట్లాడి టైమ్ వృథా చేసుకోకండి.

రెండోవి హాస్పిటల్‌తో మాట్లాడాల్సినవి. "టారిఫ్ డిఫరెన్స్" అనో "ఎక్సెస్ ఓవర్ అగ్రీడ్ రేట్" అనో కనిపిస్తే, ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పుకున్న రేటు కంటే హాస్పిటల్ ఎక్కువ వేసిందని అర్థం. నెట్‌వర్క్ హాస్పిటల్ అయితే అది మీ దగ్గర ఎందుకు వసూలు చేస్తున్నారని బిల్లింగ్ మేనేజర్‌ని అడగండి. కౌంటర్‌లో కూర్చున్న పిల్లవాడితో వాదిస్తే లాభం లేదు, అతని చేతిలో ఏమీ ఉండదు. మిగిలిన మొత్తం మీద డిస్కౌంట్ కూడా ఇక్కడే అడగండి. అడగడానికి మొహమాటపడేవాళ్ళే ఎక్కువ.

మూడోవి ఇన్సూరెన్స్‌తో తేల్చుకోవాల్సినవి: తప్పుగా వేసిన ప్రపోర్షనేట్ కోత, కారణం చెప్పకుండా కోసినవి. ఇవి ఇప్పుడు కట్టక తప్పదు, 8వ స్టెప్‌లో రాబడదాం.

బయటికి వచ్చేముందు చేతిలో ఉండాల్సినవి: డిశ్చార్జి సమ్మరీ, ఫైనల్ బిల్లు, వివరంగా బ్రేకప్, కట్టిన ప్రతి రసీదు, రిపోర్టులు, ఇంప్లాంట్ వేస్తే దాని స్టిక్కర్, ఇన్వాయిస్. స్టిక్కర్ తర్వాత అడిగితే దొరకదు.

బిల్లు కట్టలేదని పేషెంట్‌ని గానీ, చనిపోతే పార్థివదేహాన్ని గానీ ఆపి ఉంచకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన రోగి హక్కుల చార్టర్‌లో ఉంది. ఆ పరిస్థితి వస్తే గొడవకి దిగకుండా, ఎంత కట్టగలరో, మిగతాది ఎప్పటికి కడతారో రాసి ఇచ్చి మెడికల్ సూపరింటెండెంట్‌తో మాట్లాడండి. కదలిక లేకపోతే జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు చేయండి.

6. మిగిలిన డబ్బు ఏ వరుసలో తేవాలి

అందరూ తలకిందులు చేసేది ఈ వరుసనే. కార్డు చేతిలో ఉంటుంది కాబట్టి ముందు అదే గీకుతారు. నేనైతే ఇలా వెళ్ళమంటాను:

ఎఫ్‌డీ ఉంటే ముందు అది. పగలగొట్టడం ఇష్టం లేకపోతే దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోవచ్చు. తర్వాత పీఎఫ్‌లో జబ్బు కోసం ఇచ్చే అడ్వాన్స్. అది మీ డబ్బే, తిరిగి కట్టక్కర్లేదు, కాకపోతే ఖాతాలో పడటానికి కొన్ని రోజులు పడుతుంది, అందుకే చేరిన రోజే అప్లై చేయండి. తర్వాత అన్నదమ్ముల దగ్గరో స్నేహితుల దగ్గరో చేబదులు. మొహమాటంగా ఉంటుంది నిజమే, కానీ ఎంత, ఎప్పటికి అని మెసేజ్‌లో రాసి పెడితే ఇద్దరికీ మంచిది. ఎల్ఐసీ పాలసీ పాతదైతే దాని మీద లోన్ వస్తుంది.

ఆ తర్వాత బంగారం. గోల్డ్ లోన్‌కి స్కోరుతో పెద్దగా పని లేదు, వడ్డీ కూడా కార్డుతో పోలిస్తే చాలా తక్కువ. 2026 ఏప్రిల్ 1 నుంచి రెండున్నర లక్షల లోపు లోన్లకి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని ఆర్‌బీఐ నిబంధన కూడా తెచ్చింది. కానీ రెండు మెలికలు. గోల్డ్ లోన్ కూడా సిబిల్‌లో కనిపిస్తుంది, గడువు దాటితే మచ్చ పడుతుంది. పైగా ఏడాది చివర ఒకేసారి కట్టే రకం తీసుకుని మర్చిపోతే వేలం నోటీసు వస్తుంది. నెలనెలా వడ్డీ కట్టే రకం తీసుకుంటే గుర్తుంటుంది.

కార్డు వాడక తప్పకపోతే వాడండి, కానీ గీకిన రోజో మర్నాడో ఈఎంఐలోకి మార్చేయండి. మినిమం డ్యూ కడుతూ పోవడం మాత్రం వద్దు. ఎందుకంటే 80,000 మీద నెలకి 3.5 శాతం అంటే 2,800, దాని మీద 18 శాతం జీఎస్టీ 504, మొత్తం 3,304. అసలు తగ్గకపోతే ఏడాదికి దాదాపు 40 వేలు వడ్డీకే పోతుంది. మన ఊరి లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ అది. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ అంటేనే "అమ్మో" అనేవాళ్ళు కార్డు మీద మూడున్నర రూపాయలు మాట్లాడకుండా కడుతుంటారు! బాకీ ఉన్నంత కాలం కొత్తగా గీకే కిరాణా మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డుతో ఏటీఎంలో క్యాష్ తీయడం అసలే వద్దు.

కార్డు లిమిట్ 1,50,000 అయితే 80,000 అంటే సగానికి పైగా వాడేసినట్టు. లిమిట్‌లో 30 శాతం దాటితే స్కోరు కొంత తగ్గుతుంది, కట్టేశాక మళ్ళీ లేస్తుంది. ఈ తగ్గుదలకి టెన్షన్ పడకండి. ఆలస్యం పడితే మాత్రం ఆ మచ్చ ఏళ్ళ తరబడి ఉంటుంది.

హాస్పిటల్ లాబీలో బల్ల వేసుకుని "నో కాస్ట్ ఈఎంఐ" అని సంతకాలు పెట్టించుకునేవాళ్ళు ఉంటారు. అది హాస్పిటల్ ఇచ్చే వాయిదా కాదు, ఏదో ఫైనాన్స్ కంపెనీ లోన్. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వమనండి, అందులో ఏడాది వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు అన్నీ కలిపిన ఏపీఆర్ అనే అంకె ఉంటుంది, అదొక్కటి చూడండి చాలు. రేపు ఇన్సూరెన్స్ డబ్బు హాస్పిటల్‌కి వచ్చినా ఈ లోన్ దానంతటదే మూతపడదు, ఈఎంఐ మీ పేరు మీద నడుస్తూనే ఉంటుంది.

ఒకే రాత్రి నాలుగు లోన్ యాప్‌లలో అప్లై చేయకండి. ప్రతి అప్లికేషనూ రిపోర్టులో ఎంక్వైరీగా పడుతుంది. ఫోన్‌లో కాంటాక్టులు, ఫొటోలు అడిగే యాప్ ఏదైనా సరే తీసి పారేయండి.

క్యాష్ గురించి ఒక మాట: ఒక పేషెంట్ బిల్లుకి 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. బీరువాలో డబ్బు తెచ్చినా కౌంటర్‌లో తీసుకోకపోవచ్చు, ముందే బ్యాంకులో వేసుకోండి.

7. పాత ఈఎంఐలకి అడ్డుపడకండి

నేను చూసినంతలో స్కోరు పడిపోయిన ఇళ్ళలో సగానికి పైగా కారణం ఇదే. మూడో తారీఖున డిశ్చార్జి, జీతం ఖాతా డెబిట్ కార్డు గీకేస్తారు, ఖాతాలో రెండు వేలు మిగులుతాయి, ఐదో తారీఖున 18,000 హోమ్ లోన్ ఈఎంఐకి ఆటో డెబిట్ వస్తుంది, బౌన్స్. అటు బ్యాంకు ఛార్జీ, ఇటు లోన్ కంపెనీ పెనాల్టీ, ఆపైన రిపోర్టులో ఆలస్యం. ఇంట్లోవాళ్ళు హాస్పిటల్ చుట్టూ తిరుగుతుంటారు, మెసేజ్ ఎవరూ చూడరు.

అందుకే ముందు చెప్పిన కాగితం తీసి, వచ్చే 45 రోజుల ఈఎంఐల మొత్తాన్ని ఆ ఖాతాలో వదిలేయండి, బిల్లుకి మిగతాదే వాడండి. కార్డు గడువు తేదీ దాటిపోయిందని తెలిస్తే వెంటనే కట్టండి. గడువు దాటి మూడు రోజులకు మించితేనే పాస్ట్ డ్యూ అని రిపోర్ట్ చేయాలన్నది ఆర్‌బీఐ నిబంధన, ఆ వెసులుబాటు వాడుకోండి. ఇది కార్డులకే, లోన్ ఈఎంఐలకి కాదు.

ఎలాగూ కట్టలేమని తేలిపోతే బౌన్స్ అయ్యాక కాకుండా ముందే బ్యాంకుకి మెయిల్ పెట్టి గడువు పెంచమని అడగండి. రీస్ట్రక్చర్ (లోన్ షరతులు మార్చారు) అని రిపోర్టులో రాసే అవకాశం ఉంది, అదీ అడగండి.

ఇంకోటి, లోన్ ఒకరిదే అనుకోకండి. కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిన భార్య, గ్యారంటీ ఉన్న బావమరిది, వీళ్ళ రిపోర్టులో కూడా అదే ఆలస్యం పడుతుంది. అమ్మాయి పై చదువులకి తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్‌లో తండ్రి కో-అప్లికెంట్ అయితే తండ్రి హాస్పిటల్లో ఉన్న నెలలో తప్పిన వాయిదా కూతురి రిపోర్టులోనూ పడుతుంది. ఆమె ఉద్యోగంలో చేరి మొదటి కార్డుకి అప్లై చేసినప్పుడు బయటపడుతుంది.

8. కోసిన డబ్బు రాబట్టడం

మొదట సులువైనవి. రెండో పాలసీ లేదా సూపర్ టాప్-అప్ (ఒక మొత్తం దాటిన ఖర్చుకి వర్తించే అదనపు పాలసీ) ఉంటే, మొదటి కంపెనీ సెటిల్‌మెంట్ లెటర్, హాస్పిటల్ ముద్ర వేసిన కాపీలతో మిగతా మొత్తానికి అక్కడ క్లెయిమ్ చేయండి. చేరకముందు చేయించిన స్కాన్‌లు, ఇంటికొచ్చాక వాడిన మందులు కూడా క్లెయిమ్ చేయొచ్చు. చాలా పాలసీల్లో ముందు 30, తర్వాత 60 రోజులు, కొన్నింట్లో 60, 90. క్యాష్‌లెస్ అయిపోయింది కదా అని దీన్ని వదిలేసేవాళ్ళు కోకొల్లలు. గడువు మీ పాలసీలో చూసుకోండి.

ముఖ్యమంత్రి సహాయ నిధికి అప్లై చేసే ఆలోచన ఉంటే, అక్కడ కూడా ఒరిజినల్ బిల్లులే అడుగుతారు. ఇన్సూరెన్స్‌కి ఒరిజినల్స్ ఇచ్చేస్తే ఇక్కడ చిక్కు. ఏది ఎక్కువ వస్తుందో చూసుకుని అది ఎంచుకోండి. తెలంగాణలో నిమ్స్ లాంటి చోట్ల చికిత్సకి ముందే ఎల్ఓసీ (ఖర్చు సర్కారు కడుతుందన్న హామీ పత్రం) తెచ్చుకోవచ్చు, ఎమ్మెల్యే ఆఫీసులో అడగండి.

ఇక పోట్లాడాల్సినవి. ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ మెయిల్‌కి రాయండి. పొడుగు ఉత్తరం వద్దు, కష్టాలు వద్దు. ఇలా సరిపోతుంది:

"క్లెయిమ్ నంబరు ఫలానా. మందులు 60,000, ఇంప్లాంట్ 40,000, టెస్టులు 20,000 మీద ప్రపోర్షనేట్ డిడక్షన్ వేశారు. 2020 ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాల ప్రకారం వీటి మీద వేయకూడదు. 45,000 చెల్లించండి, లేదా ఏ క్లాజు కింద కోశారో రాసి పంపండి."

మొత్తం క్లెయిమే తిరస్కరిస్తే, క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదు, పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో చెప్పాలి. ఆ రెండూ అడగండి. "బీపీ దాచారు, షుగర్ దాచారు" అన్నారనుకోండి, పాలసీ ఆపకుండా 60 నెలలు కట్టి ఉంటే మోసాన్ని నిరూపిస్తే తప్ప ఆ కారణంతో తిరస్కరించలేరు. 2024కి ముందు ఇది ఎనిమిదేళ్ళు ఉండేది, ఇప్పుడు ఐదు.

జవాబు తేలకపోతే బీమా భరోసా పోర్టల్‌లో లేదా 155255కి ఫిర్యాదు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి తగాదాలు తేల్చే అధికారి). ఆంధ్ర, తెలంగాణ, యానాం వాళ్ళకి ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. కంపెనీకి రాసి నెల దాటినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఏడాదిలోపు వెళ్ళాలి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా క్లెయిమ్‌లు వింటారు. పాలసీదారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా తీర్పు కంపెనీకి మాత్రం కట్టుబాటే. ఏజెంట్ "ఎందుకండీ, రెన్యువల్‌లో ఇబ్బంది పెడతారు" అంటాడు. క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ ఆపడం కుదరదు, వెళ్ళండి.

వచ్చిన డబ్బు ముందు కార్డుకో లోన్‌కో కట్టండి. ఖాతాలో పడి పది రోజులుంటే అది వేరే ఖర్చులో కలిసిపోతుంది, ఎవరికైనా అంతే.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళినవాళ్ళకి

అక్కడి సంగతి తిరగబడి ఉంటుంది. అక్కడ హాస్పిటల్ బిల్లే కలెక్షన్ ఏజెన్సీకి వెళ్ళి క్రెడిట్ రిపోర్టులో ఎక్కొచ్చు. 500 డాలర్ల లోపువీ, ఏడాది నిండనివీ, కట్టేసినవీ చూపించడం అక్కడి మూడు క్రెడిట్ బ్యూరోలూ ఆపేశాయి. మిగతావి కూడా తీసేయాలని 2025 జనవరిలో తెచ్చిన నిబంధనని అదే ఏడాది జులైలో టెక్సాస్ కోర్టు కొట్టేసింది. కాబట్టి తల్లిదండ్రులు చేరేటప్పుడు ఫారంలో గ్యారంటార్ గడిలో కొడుకో కూతురో సంతకం పెట్టేముందు చదవండి, పెడితే ఆ బాకీ వాళ్ళ క్రెడిట్ మీదికి వస్తుంది. ఎమర్జెన్సీలో డబ్బు సంగతి తేలకపోయినా చూడాల్సిందే అన్నది అక్కడి చట్టం. బిల్లు వచ్చాక ఐటమైజ్డ్ బిల్లు (దేనికి ఎంతో వరుసగా రాసింది), ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం (బిల్లులో సాయం కోరేది) రెండూ అడగండి. నాన్-ప్రాఫిట్ హాస్పిటల్ అయితే మొదటి బిల్లు నుంచి 240 రోజుల దాకా ఆ ఫారం తీసుకోవాలి.

9. అంతా సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

డిశ్చార్జి అయిన రెండు నెలలకి ఇంట్లో లోన్ ఉన్న అందరి రిపోర్టులూ తీయండి. నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక్కోటి ఉచితంగా ఇవ్వాలి, కాబట్టి మూడు నెలలకొకటి తీసుకుంటే ఏడాదంతా చూసుకున్నట్టే. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి, అందుకే రెండు నెలల్లో అంతా కనిపించాలి.

స్కోరు అంకె చూసి మూసేయకండి. ప్రతి ఖాతా కింద నెలవారీ గడులుంటాయి, హాస్పిటల్ నెలల్లో సున్నాలు ఉంటే ఆలస్యం లేనట్టు, 30 అనో 60 అనో ఉంటే అన్ని రోజులు ఆలస్యమని. లాబీలో తీసుకున్న లోన్ కట్టేసి ఉంటే "క్లోజ్డ్" అని ఉండాలి. "సెటిల్డ్" అని ఉంటే కొంత మాఫీ చేయించుకుని ముగించినట్టు, తర్వాత లోన్ ఇచ్చేవాళ్ళు దాన్ని బాగా పట్టించుకుంటారు. రికవరీ వాళ్ళు "సగం కట్టండి, క్లోజ్ చేసేస్తాం" అన్నప్పుడు ఈ తేడా చెప్పరు. వాళ్ళు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు కూడా. చేస్తే కాల్ లాగ్ స్క్రీన్‌షాట్‌తో ముందు ఆ బ్యాంకుకి రాయండి, 30 రోజుల్లో తేలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి. నంబరు 14448.

పేషెంట్ చనిపోయిన ఇళ్ళలో, ఆయన పేరున ఒక్కరిదే ఉన్న లోన్‌కి వారసులు ఆయన వదిలిన ఆస్తి మేరకే బాధ్యులు. కో-అప్లికెంట్ ఉంటే మాత్రం వాయిదా ఆగకూడదు. లోన్‌తోపాటు ఇన్సూరెన్స్ తీసుకున్నారేమో లోన్ కాగితాల్లో వెతకండి, బ్యాంకు తనంతట తాను చెప్పకపోవచ్చు.

రిపోర్టులో తప్పు కనిపిస్తే ఆ బ్యూరో సైట్‌లోనే డిస్ప్యూట్ వేసి, అదే రోజు బ్యాంకుకి కూడా మెయిల్ పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. డిస్ప్యూట్ నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి హాస్పిటల్ ఫైల్లోనే పెట్టుకోండి.